మట్టి పావురము: షాట్‌గన్ మొదటి పాఠముల కథ

నల్లమల అడవులకు పడమటి వైపున పాములపాడు ఉన్నది. 2022వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలో ఉండిన ఈ మండలము ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరినది. తూర్పున కొండలు, అడవి. పడమట నందికొట్కూరు వైపు మెట్ట పొలములు, గడ్డి బీళ్లు. ఆ గడ్డి బీళ్లలో రోళ్లపాడు అను గ్రామము చెంత ప్రభుత్వము 1988లో ఒక అభయారణ్యమును ఏర్పరచినది. అది పులి కొరకు గాని ఏనుగు కొరకు గాని ఏర్పడినది కాదు. ఒక పక్షి కొరకు ఏర్పడినది. ఆ పక్షి పేరు బట్టమేక.

బట్టమేక దాదాపు ఒక మీటరు ఎత్తుండును. మగ పక్షి 15 కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో ఇది యొకటి. ఇది చెట్లపై వ్రాలదు. బయలు నేలపైననే తిరుగును, నేలపైననే గ్రుడ్డు పెట్టును. అదియు సాధారణముగా ఏటికి ఒక్కటే. ఇట్టి పక్షి తుపాకి పట్టిన వానికి ఎంత సులభముగా దొరకునో, పోయిన పక్షి స్థానమున మరియొకటి వచ్చుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

నేడు షాట్‌గన్ నేర్చుకొనుటకు మొదటి దినము శిక్షణశాలకు వచ్చిన విద్యార్థి యెదుట పక్షి ఉండదు. 110 మిల్లీమీటర్ల వ్యాసము, 105 గ్రాముల బరువు గల ఒక బిళ్ల మాత్రమే గాలిలోనికి లేచును. దానిని 'మట్టి పావురము' అందురు. పావురము స్థానమున బిళ్ల ఎట్లు వచ్చినది? మొదటి దినము నేర్పు నియమములు ఎక్కడ పుట్టినవి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో కొంత చరిత్ర, కొంత భౌతికశాస్త్రము, కొంత ప్రాణిశాస్త్రము కలిసి వచ్చును.

సీమలో తుపాకి

పాములపాడు ప్రాంతము 1839 వరకు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండెను. ఆ సంవత్సరము నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యముగా ఆయుధములు కూడబెట్టుచున్నాడని ఈస్టిండియా కంపెనీవారు అనుమానించి సైన్యమును పంపిరి. కర్నూలు కోటలో పెద్ద ఆయుధాగారము బయటపడెను. 1839 అక్టోబరులో జోహరాపురము వద్ద జరిగిన పోరులో నవాబు పట్టుబడెను. కర్నూలు సీమ కంపెనీ వశమయ్యెను. ఏడేండ్లు గడచిన పిదప, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసి తిరుగుబాటు సాగించెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసిరి.

ఈ రెండు సంఘటనలను చూచిన పాలకులకు ప్రజల చేతిలోని తుపాకి యనిన భయము కలుగుట సహజమే. 1857 తిరుగుబాటు ఆ భయమును దేశమంతట వ్యాపింపజేసెను. 1878లో వైస్రాయి లిట్టన్ కాలమున ఆయుధముల చట్టము వచ్చెను. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకొనరాదు. ఐరోపావారికి మాత్రము ఆ నిర్బంధము లేదు. ఈ భేదమును భారత జాతీయ కాంగ్రెసు తన తొలి సభల నాటినుండియు నిరసించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పార్లమెంటు 1959లో క్రొత్త చట్టము చేసెను. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. ఇందులో జాతి భేదము లేదు. అయినను లైసెన్సు తప్పనిసరి. 21 ఏండ్లు నిండనివారికి లైసెన్సు లేదు. చిన్నవారు తుపాకిని ముట్టవలెనన్నచో నియమబద్ధమైన శిక్షణలో, పెద్దల పర్యవేక్షణలో మాత్రమే.

ఈ చరిత్ర ఫలితముగా మన పల్లెలలో తుపాకి విద్య బడిలో నేర్చుకొను విద్య కాలేదు. నల్లమలలోని చెంచులకు తరతరములుగా విల్లమ్ములే వేట సాధనములు. తుపాకి షికారుకు వచ్చిన దొరల చేతిలోను, కొన్ని పెద్ద ఇండ్లలోను, చాటుమాటున తయారైన నాటు తుపాకులలోను ఉండెను. నేర్పువారు లేక, నియమములు తెలియక, చేయి పోగొట్టుకొన్నవారు, కన్ను పోగొట్టుకొన్నవారు ఉండిరి. కాబట్టి మొదటి పాఠము విలువ చిన్నది కాదు.

నాలుగు నియమములు

క్రమపద్ధతిలో జరుగు తరగతిలో మొదటి గంటలో తోటా కంటికి కనబడదు. బోధకుడు ముందుగా చెప్పునవి నాలుగు మాటలు. ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింపవలెను. దాని మూతిని మనిషి వైపు ఎన్నడును త్రిప్పరాదు. కాల్చ నిశ్చయించు వరకు వ్రేలు ట్రిగ్గరుపై ఉంచరాదు. గురి ఏదో, గురికి ఆవల ఏమున్నదో తెలియనిదే కాల్చరాదు. షాట్‌గన్ విషయమున మరియొక అలవాటు చేర్తురు. కాల్చుట లేనపుడు తుపాకిని నడుమ మడచి, గొట్టములు ఖాళీగా నున్నవని అందరికి కనబడునట్లు పట్టుకొనవలెను.

నాలుగవ నియమమునకు గట్టి కారణము కలదు. సుమారు 2.4 మిల్లీమీటర్ల వ్యాసము గల సీసపు రవ్వ గాలి నిరోధము వలన త్వరగా వేగము కోల్పోవును. అయినను అది దాదాపు 200 మీటర్ల దూరము వరకు పోయి పడగలదు. పిట్ట 30 మీటర్లలో ఉండవచ్చును; దాని వెనుక పొలములో కలుపు తీయుచున్న మనిషి 150 మీటర్లలో ఉండవచ్చును. అందువలన శిక్షణశాలలు గురికి ఆవల అంతకన్న ఎక్కువ దూరమును నిర్జనముగా ఉంచును.

పిమ్మట చెవులకు, కండ్లకు రక్షణ కల్పింతురు. పిమ్మట 'ఏ కన్ను పెద్ద' అని పరీక్షింతురు. ఈ పరీక్షను ఏ తరగతి గదిలోనైనను చేయవచ్చును. రెండు అరచేతులను చాచి, వాని నడుమ చిన్న సందు విడిచి, ఆ సందులోనుండి దూరముననున్న ఒక వస్తువును రెండు కండ్లతో చూడవలెను. ఇపుడు ఎడమ కన్ను మూయవలెను. వస్తువు అట్లే కనబడినచో కుడి కన్ను ప్రధానము. కనబడక పోయినచో ఎడమ కన్ను ప్రధానము. తుపాకిని ఆ కంటి వైపు భుజమున ఆనించినచో గురి కుదురును.

భుజమునకు ఎందుకు గట్టిగా ఆనించవలెనో న్యూటను మూడవ సూత్రము తెలుపును. 24 గ్రాముల రవ్వలు సెకనుకు 400 మీటర్ల వేగముతో వెడలినవనుకొందము. ద్రవ్యవేగము 0.024 × 400 = 9.6. తుపాకి బరువు మూడున్నర కిలోలైనచో అది 9.6 ÷ 3.5, అనగా సెకనుకు సుమారు 2.7 మీటర్ల వేగముతో వెనుకకు రావలెను. మందు వాయువులను కూడ లెక్కించినచో ఇంకను కొంచెము హెచ్చు. తుపాకికి, భుజమునకు నడుమ సందున్నచో అది దెబ్బగా తగులును. సందు లేనిచో తుపాకియు శరీరమును ఒకే వస్తువు వలె కదలును. బరువు పెరిగినది కాబట్టి వేగము తగ్గును. అదియే త్రోపు మాత్రముగా తెలియును.

'పండ్రెండు బోరు' అనగా నేమి?

సాధారణముగా తరగతిలో చేతికిచ్చు తుపాకి 'పండ్రెండు బోరు'. ఈ సంఖ్య పండ్రెండు అంగుళములు కాదు, పండ్రెండు మిల్లీమీటర్లును కాదు. ఒక పౌను సీసమును కరగించి 12 సమానమైన గుండ్లు చేసినచో, ఒక గుండు ఎంత లావుండునో గొట్టము లోపలి వ్యాసము అంత. ఫిరంగి గుండ్లను బరువుతో చెప్పుకొను కాలపు లెక్క ఇది.

విద్యార్థులు దీనిని స్వయముగా సాధింపవచ్చును. పౌను 453.6 గ్రాములు. దానిని 12తో భాగించినచో 37.8 గ్రాములు. సీసపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. కాబట్టి గుండు ఘనపరిమాణము 3.33 ఘన సెంటీమీటర్లు. గోళ సూత్రము ననుసరించి వ్యాసము 1.85 సెంటీమీటర్లు. అనగా పండ్రెండు బోరు గొట్టము సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇదే విధముగా ఇరువది బోరుకు 15.6 మిల్లీమీటర్లు వచ్చును. సంఖ్య పెరిగిన కొలది గొట్టము సన్నబడుటకు కారణము ఇదియే.

రైఫిలు ఒక్క గుండును పంపును. దాని గొట్టములోపల మెలి గాడులుండును. షాట్‌గన్ గొట్టము లోపల నునుపుగా ఉండును. అది అనేకమైన చిన్న రవ్వలను ఒక్కసారిగా చిమ్మును. రైఫిలు కదలని గురికి తగినది. షాట్‌గన్ ఎగురు గురికి తగినది.

వానచినుకు వంటి సీసము

ఆ చిన్న రవ్వలు గుండ్రముగా ఉండవలెను. లేనిచో గాలిలో త్రోవ తప్పును. మొదట సీసపు రేకులను ముక్కలుగా కోసియు, అచ్చులలో పోసియు రవ్వలు చేయుచుండిరి. అవి సమముగా ఉండెడివి కావు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరములో విలియం వాట్స్ అను పైపుల పనివాడు దీనికొక ఉపాయము కనిపెట్టి 1782లో పేటెంటు పొందెను. తన యింటిపై ఎత్తైన బురుజు కట్టి, క్రింద గొయ్యి త్రవ్వి, కరగిన సీసమును జల్లెడ గుండా పైనుండి జారవిడిచెను. అడుగున నీళ్ల తొట్టి ఉంచెను.

పడుచున్న సీసపు బొట్టు తలతన్యత వలన గోళాకారము పొందును. ఒక ఘనపరిమాణమును అన్నిటికన్న తక్కువ ఉపరితలముతో కప్పగలది గోళమే గదా! బొట్టు గోళమై, గాలిలోనే గట్టిపడి, నీటిలో పడి చల్లబడును. గాలి నిరోధము లెక్కింపనిచో 44 మీటర్లు పడుటకు 3 సెకన్లు పట్టును. ఆ కొలది కాలములోనే పని ముగియవలెను. అందుకే బురుజులు అంత ఎత్తు కట్టిరి. సీసములో కొంచెము ఆర్సెనిక్ కలిపినచో బొట్లు ఇంకను చక్కగా గుండ్రపడునని కూడ గ్రహించిరి. వానచినుకులో ప్రకృతి చేయుపనిని వాట్స్ కర్మాగారములో చేయించెను.

పక్షి కొరకు జరిగిన ఆవిష్కరణలు

షాట్‌గన్‌లో జరిగిన మార్పులలో పెక్కింటికి ఎగురు పక్షియే కారణము. చెకుముకి తుపాకిలో ముందు బయట మందు మండి, మెరుపు కనబడి, పిదప లోపలి మందు అంటుకొనును. ఆ మెరుపు చూచి పిట్ట తప్పుకొనును. స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సైత్ అను మతాచార్యుడు వేటగాడు కూడ. ఆయన ఈ జాప్యమును తొలగింపగోరి, దెబ్బ తగిలిన వెంటనే ప్రేలు రసాయనమును ఉపయోగించి 1807లో పేటెంటు పొందెను. నేటి తోటా అడుగునగల టోపీకి అదియే మూలము. 1830 దశకమున ఫ్రాన్సులో కాసిమిర్ లెఫాషో వెనుకనుండి తోటా నింపు తుపాకిని రూపొందించెను. మూతినుండి మందు, గుడ్డ, రవ్వలు కూరు శ్రమ దానితో తగ్గెను.

రవ్వలు చెదరిపోకుండ గొట్టము మూతిని కొంచెము ఇరుకు చేయుటను 'చోక్' అందురు. ఇది 1860, 1870 దశకములలో ఇంగ్లండులోను అమెరికాలోను ప్రచారమయ్యెను. పూర్తి చోక్ గల గొట్టము 40 గజముల దూరమున, 30 అంగుళముల వృత్తములో, నూటికి 70 రవ్వలను పడవేయును. చోక్ లేనిది నూటికి 40 మాత్రమే. పోటీ తోటాలో 24 గ్రాముల సీసము, అనగా 2.4 మిల్లీమీటర్ల రవ్వలు సుమారు 300 ఉండును. వానిలో 70 శాతము 210. ఆ వృత్త వైశాల్యము దాదాపు 4,560 చదరపు సెంటీమీటర్లు. బిళ్ల ముఖ వైశాల్యము 95. కాబట్టి ముఖము కనబడు బిళ్లకు సగటున నాలుగు రవ్వలు తగులును. చోక్ లేనిచో రెండు లేక మూడు. బిళ్ల అంచు మాత్రమే కనబడినచో ఇంకను తక్కువ.

ఇంతటి నైపుణ్యముతో తయారైన పరికరము ముందు పక్షుల గతి ఏమయ్యెను?

పెట్టెలోని పావురము, గాజు బంతి, మట్టి బిళ్ల

18వ శతాబ్ది చివరినాటికే ఇంగ్లండులో పావురములను పెట్టెలలో పెట్టి, త్రాడు లాగి మూత తెరచి, ఎగిరినదానిని కాల్చు పందెములు జరుగుచుండెను. ఆ పెట్టె పేరు 'ట్రాప్'. నేటి ఒలింపిక్ పోటీకి ఆ పేరే నిలిచెను. నేటికిని చాలచోట్ల కాల్చువాడు బిళ్ల కొరకు 'పుల్' అని కేక వేయును; అనగా 'లాగుము' అని. లాగుటకు త్రాడు లేదు, పెట్టె లేదు. మాట మాత్రము మిగిలినది. 1900లో పారిస్ ఒలింపిక్ క్రీడల సందర్భమున బ్రదికియున్న పావురములను కాల్చు పోటీ జరిగెను. బెల్జియం దేశీయుడు లియోన్ ద లుండెన్ 21 పావురములను కూల్చి గెలిచెను. అట్టి పోటీ మరల ఒలింపిక్సులో జరుగలేదు. 1921లో బ్రిటను బంధించిన పక్షులను కాల్చుటను చట్టముచే నిషేధించెను.

అప్పటికే అమెరికాలో ప్రత్యామ్నాయములు పుట్టినవి. 1860 దశకమునుండి గాజు బంతులను ఎగురవేసి కాల్చుచుండిరి. ఆడం బోగార్డస్ అను ప్రసిద్ధ తుపాకివాడు 1877లో తన బంతికిని, దానిని విసరు యంత్రమునకును పేటెంట్లు పొందెను. కాని గాజు ముక్కలు నేలంతయు నిండెను. పైగా బంతి పోక పక్షి పోకవలె ఉండదు. అది విసరిన రాయి వలె లేచి పడును. సిన్సినాటి నగరవాసి జార్జి లిగోవ్‌స్కీ, పిల్లలు నీటిపై చదునైన పెంకులను జారవిసరుట చూచి, చదును బిళ్ల ఆలోచన పొందెనని చెప్పుదురు. 1880లో ఆయన కాల్చిన మట్టితో చేసిన బిళ్లకు పేటెంటు పొందెను. బిళ్ల తిరుగుచు పోవుటవలన గాలిపై తేలును. తిరుగు బొంగరము వలె నిలుకడగా ఉండును. పక్షివలె నేలకు సమీపముగా దూసుకొనిపోవును. అయితే కాల్చిన మట్టి మరీ గట్టిదై, రవ్వ తగిలినను పగులకుండెను. పిదప తారు, సున్నపురాతి పొడి కలిపి చేయసాగిరి. నేటి 'మట్టి పావురము'లో మట్టి లేదు.

అదే సిన్సినాటి నగరమునకు పక్షుల చరిత్రలో మరియొక విధమైన ప్రసిద్ధి కలదు. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు వందల కోట్లుగా, ఆకాశమును కప్పివేయు మందలుగా ఎగిరిన ప్రయాణపు పావురము అను జాతి, తుపాకులకును వలలకును అడవుల నరికివేతకును బలియై అంతరించెను. పందెముల పెట్టెలలోనికి కూడ ఈ పావురములను వేలకొలదిగా పట్టి తెచ్చిరి. చిట్టచివరి పక్షి 'మార్తా' 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో చనిపోయెను. పక్షికి బదులు బిళ్లను చూపిన నగరములోనే ఆ పక్షిజాతి కథ ముగిసెను. బిళ్ల పుట్టి 34 ఏండ్లయినను, పావురమునకు అది ఆలస్యముగా వచ్చిన సహాయమే అయ్యెను.

లేని చోటికి గురి

బిళ్లయెదుట నిలిచిన విద్యార్థి మొదట చేయు తప్పు ఒక్కటే. బిళ్ల ఉన్నచోటికి కాల్చును. రవ్వలు అక్కడికి చేరునప్పటికి బిళ్ల అక్కడ ఉండదు. రవ్వల వేగము మొదట సెకనుకు 400 మీటర్లున్నను, 35 మీటర్ల ప్రయాణములో సగటు 300 అనుకొందము. పట్టు కాలము 35 ÷ 300, అనగా 0.117 సెకను. బిళ్ల సెకనుకు 20 మీటర్ల వేగముతో అడ్డముగా పోవుచున్నచో ఆ కాలములో 2.3 మీటర్లు జరుగును. 45 డిగ్రీల ఏటవాలుగా దూరమగుచున్నచో అడ్డపు జరుగుడు 1.6 మీటర్లు. తిన్నగా ముందుకు పోవుచున్నచో పక్కకు జరుగుడు సున్న. కాబట్టి విద్యార్థి బిళ్లను వెన్నంటి, దాటి, ముందున్న ఖాళీ చోటిని గురిచేసి, తుపాకిని ఆపకయే కాల్చవలెను. ఆపినచో రవ్వలు వెనుకబడును.

గణితము తెలియని గొల్లపిల్లవాడు కూడ పరుగెత్తు మేకను అడ్డగించుటకు అది ఉన్నచోటికి పోడు. అది రాబోవు చోటికి పోవును. తరగతిలో నేర్పునది ఆ తెలివినే కొలతలతో స్థిరపరచుట.

ఒలింపిక్ ట్రాప్ పోటీలో కందకములో 15 యంత్రములుండును. కాల్చువారు 15 మీటర్లు వెనుకనున్న ఐదు స్థానములలో వరుసగా నిలుతురు. ఏ బిళ్ల ఏ వైపునకు లేచునో ముందు తెలియదు. ఒక విడతకు 25 బిళ్లలు. అర్హత పోటీకి ఐదు విడతలు, మొత్తము 125. 'స్కీట్' అను మరియొక పోటీ 1920 దశకమున అమెరికాలో స్థిరపడినది. అందులో బిళ్లలు రెండు గూళ్లనుండి ఎదురెదురుగా ఎగురును. నిలుచు స్థానములు ఎనిమిది.

మన దేశమున ఈ విద్య మొదట సంస్థానాధీశులదిగా ఉండెను. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ 1962లో కైరో ప్రపంచ పోటీలలో ట్రాప్ విభాగమున రజత పతకము గెలిచెను. ఐదు ఒలింపిక్సులలో పాల్గొనెను. 2004లో ఏథెన్సులో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో రజత పతకము సాధించెను. తెలుగునాట హైదరాబాదు దీనికి కేంద్రమయ్యెను. 2002లో జాతీయ క్రీడలు ఆ నగరమున జరిగెను. హైదరాబాదు వాసి కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్సులో ట్రాప్ పోటీలో పాల్గొనెను. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఆయన 125 బిళ్లలకు 122 పగులగొట్టెను. జోరావర్ సింగ్ సంధు, పృథ్వీరాజ్ తొండైమాన్‌లతో కలిసి 361 గుర్తులతో జట్టు స్వర్ణమును, వ్యక్తిగతముగా కాంస్యమును గెలిచెను. ఆ 122 గురులలో ఒక్కటియు ప్రాణముగలది కాదు.

సీసము, గడ్డి బీడు, బట్టమేక

బిళ్ల వచ్చినంతమాత్రమున అన్నియు చక్కబడలేదు. సీసము విషము. నేలపై పడిన రవ్వలను గింజలనియో, గులకరాళ్లనియో భ్రమించి పక్షులు మ్రింగును. ఆహారమును నలుగగొట్టు అంతర జఠరములో అవి అరిగి, సీసము రక్తములో కలియును. అందువలన అమెరికా 1991 నుండి నీటి పక్షుల వేటలో సీసపు రవ్వలను నిషేధించెను. ఐరోపా సంఘము 2023 ఫిబ్రవరి నుండి తడి నేలలలో వాని వాడుకను ఆపెను. ఉక్కు రవ్వలు ప్రత్యామ్నాయము. ఉక్కు సాంద్రత సీసము కన్న తక్కువ గనుక రవ్వ త్వరగా వేగము కోల్పోవును. కాబట్టి కొంచెము పెద్ద రవ్వను వాడవలసి యుండును. శిక్షణశాలలలో పడిన సీసమును ఏరి తిరిగి వాడుట మంచి పద్ధతి.

మరి పాములపాడు చేరువనున్న బట్టమేక సంగతి? 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని వేటాడుటను పూర్తిగా నిషేధించెను. 1980 దశకమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు రోళ్లపాడు బీళ్లలో దానిని గూర్చి పరిశోధనలు చేసిరి. 1988లో అభయారణ్యము వచ్చెను. అయినను పక్షి నిలువలేదు. గత దశాబ్దములో అచ్చట అది కనబడుట మిక్కిలి అరుదైనది. 2011లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతులలో చేర్చెను. ప్రపంచమందంతటను స్వేచ్ఛగా తిరుగుచున్న బట్టమేకలు 200 కూడ లేవు. అందు చాల భాగము రాజస్థానమున కలవు.

తుపాకి ఈ పక్షిని చాలవరకు తగ్గించెను. కాని తుపాకి ఆగిన తరువాత కూడ పక్షి తగ్గెను. కారణము గడ్డి బీడు తగ్గుట. పాములపాడు మండలములోని బానకచెర్ల వద్ద కృష్ణా జలములు పలు కాలువలుగా చీలి సీమ దాహమును తీర్చుచున్నవి. ఆ నీరు రైతునకు ప్రాణము. నీరు వచ్చినచోట జొన్న, వేరుసెనగ వంటి మెట్ట పైరులు తగ్గి, బీళ్లు సాగులోనికి వచ్చును. బయలు నేల, చిన్న పైరు, గొల్లభామలు, మిడుతలు కోరు పక్షికి అచ్చట చోటుండదు. ఎగురునపుడు ప్రక్కలకే గాని ముందుకు సరిగా చూడలేని ఈ బరువైన పక్షికి విద్యుత్తు తీగెలు మరియొక అపాయము. వేటను చట్టము ఒక్కనాటిలో ఆపగలదు. బీడును నిలుపుటకు రైతులు, కాపరులు, అటవీశాఖవారు, శాస్త్రజ్ఞులు కలిసి ఏండ్ల తరబడి పనిచేయవలెను. ఏటికి ఒక్క గ్రుడ్డు పెట్టు ప్రాణి విషయమున ఆ ఏండ్లు కూడ ఎక్కువ లేవు.

నాలుగవ నియమమును ఇచ్చట మరల తలచుకొనవలెను. గురికి ఆవల ఏమున్నదో తెలియనిదే కాల్చరాదని బోధకుడు చెప్పును. బోధకుని దృష్టిలో ఆ 'ఆవల' 200 మీటర్ల దూరము. చరిత్రలో అది అంతకన్న దూరము. పావురమును కాల్చినవారికి పావురము కనబడెను గాని దాని వెనుకనున్న జాతి కనబడలేదు. బీడును దున్నినవారికి పైరు కనబడెను గాని బీడుపై ఆధారపడిన పక్షి కనబడలేదు. తెలిసి చేసిన అపకారము కొంత, తెలియక చేసినది కొంత.

కర్నూలు, నంద్యాల ప్రాంతపు ఉపాధ్యాయులు తమ విద్యార్థులను రోళ్లపాడునకు తీసికొనిపోవుట మంచిది. అచ్చట నేడు కూడ కృష్ణజింకలు పరుగెత్తును; చలికాలమున దూర దేశములనుండి వచ్చిన పిల్లి గ్రద్దలు సాయంసమయమున గడ్డిలో గుంపులుగా వ్రాలును. ఎగురుచున్న గ్రద్దను చూపి, అది అర సెకనులో ఎంత దూరము పోవునో అంచనా కట్టమని విద్యార్థులను అడుగవచ్చును. తుపాకి తరగతిలోని లెక్కయే అది, తుపాకి అక్కరలేదు. ఒకప్పుడు ఈ బీటిపై బట్టమేక ఎట్లు నడచెడిదో ఊరి పెద్దలను అడిగి వ్రాసికొన్నచో, ఆ పుస్తకము కూడ పాఠశాలకు ఒక విలువైన ఆస్తి యగును.